ఐదేళ్ల తూర్పు గాలి

మా నాన్న ఫోన్‌లో బాగున్నావా అని అడగడు. తిన్నావా అనడం అమ్మ పని. ఆయన అడిగేది ఒక్కటే: "గాలి ఎటుందిరా?"

పాలకాయతిప్ప దగ్గర సముద్రం మీద ముప్పై ఏళ్లు చేపల వేట చేసిన మనిషి. మోకాలు పాడై పడవ దిగాక ఆయనకు మిగిలిన సరదా ఆ ప్రశ్నే. నేను విహార నౌకలో పనిచేస్తున్నాను కాబట్టి, రోజూ సముద్రం మొహం చూస్తూ బతుకుతున్నానని ఆయన అనుకునేవాడు. అనుకోడా మరి, నేను చెప్పిందే అది! గుడివాడలో డిగ్రీ మధ్యలో వదిలేసి, హోటల్ పని నేర్చుకుని ఓడ ఎక్కేటప్పుడు, "డెక్ మీద డ్యూటీ నాన్నా, ఎప్పుడూ గాలే" అని కోతలు కోశాను.

నిజానికి నా డ్యూటీ ప్రయాణికుల గదులు ఊడవడం, పక్కలు సర్దడం, తువ్వాళ్లను ఏనుగులుగా కోతులుగా మడిచి మంచం మీద కూర్చోబెట్టడం. నేను పడుకునేది ఓడ అడుగున, నీటిమట్టానికి కింద, ఇద్దరికి కలిపి ఇచ్చిన అగ్గిపెట్టెంత గదిలో. దానికి కిటికీ లేదు. వాచీ చూస్తే తప్ప పగలో రాత్రో తెలియదు. నాన్న పడవ అప్పగిస్తానంటే వద్దని వచ్చేసినవాణ్ణి, ఇక్కడ దుప్పట్లు మడుస్తున్నానని ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. అందుకని గాలి ఎటుందని అడిగినప్పుడల్లా, "తూర్పు గాలి నాన్నా" అనేవాణ్ణి. తూర్పే ఎందుకన్నానో నాకూ తెలియదు. మొదటిసారి నోటికి అదొచ్చింది, ఇక అదే ఖాయమైపోయింది.

నాన్న ఆ మాట పట్టుకెళ్లి పడవల దగ్గర అందరికీ చెప్పేవాడు. మా పక్కింటి మావయ్యకు ఆయన గొప్పలు వింటే ఒళ్లు మంట. రెండు పడవల ఆసామి, నాన్నతో చిన్నప్పటి నుంచీ పోటీ. ఒకసారి ఆయన, "మీవాడు అక్కడ గదులు ఊడుస్తాడని బందరులో ఎవరో అన్నారే బావా!" అన్నాడట. "ఎవడాడు? కెప్టెనే మావాణ్ణి గాలి అడిగి ఓడ కదుపుతాడు" అన్నాడట నాన్న. అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడు నాకు ఏసీ గదిలో చెమటలు పట్టాయి.

అంతలో కరోనా వచ్చింది. ప్రయాణికులందరినీ ఏదో రేవులో దింపేశాం కానీ, మమ్మల్ని దిగనిచ్చే దేశం లేకపోయింది. చివరికి ఫిలిప్పీన్స్ తీరానికి కాస్త దూరంలో లంగరు వేశారు. అప్పటికే అక్కడ ఖాళీ ఓడలు బారులు తీరి ఉన్నాయి. మొదట్లో భయంతో నిద్రపట్టేది కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటకుండా మనిషికో గది ఇవ్వాలన్నారు. ఉన్న గదులన్నీ ప్రయాణికులవే కదా! మూడేళ్లుగా నేను ఊడ్చిన తొమ్మిదో అంతస్తు బాల్కనీ గది నాకే వచ్చింది. వెళ్లగానే అలవాటు కొద్దీ పక్క సర్ది, తువ్వాలుతో ఏనుగును చేసి పెట్టి, ఇది ఎవరికోసంరా బాబూ అని పడీపడీ నవ్వుకున్నాను. భోజనం తలుపు దగ్గరకు వచ్చేది. పక్క బాల్కనీలో ఇటలీ వంటాయన పొద్దస్తమానం పాడేవాడు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

నా అబద్ధం దానంతటదే నిజమైపోయింది. ఆ ఊపులో నాన్నకు వీడియో కాల్ చేశాను.

అక్కడ లాక్‌డౌన్, దానికి తోడు ఏటా వచ్చే చేపల వేట నిషేధం రోజులు. మగవాళ్లందరికీ పనిలేదు. పోలీసులు చూస్తే తంతారని పడవల దగ్గరున్న పాక వెనక కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నాన్న ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. మా దగ్గర పొద్దు గుంకుతోంది, వాళ్లకింకా ఎండ మండుతోంది. బాల్కనీ, అవతల బారుగా నిలబడ్డ ఓడలు చూపించాను. "అబ్బో!" అన్నారు అందరూ. "చూశారా? ఇదీ మావాడి గది" అన్నాడు నాన్న.

అప్పుడు మావయ్య ముందుకు వంగి, "అల్లుడూ, గాలి ఎటుంది?" అన్నాడు.

"తూర్పు గాలి మావయ్యా!" అన్నాను. ఐదేళ్ల అలవాటు, నాలుక నన్ను అడిగితేనా!

మావయ్య తాపీగా అందుకున్నాడు. "పొద్దు నీ ఎడంచేతి పక్క గుంకుతోంది. అంటే అది పడమర. ఆ ఓడలన్నీ ముక్కులు పొద్దు వైపే పెట్టి నిలబడ్డాయి. లంగరేసిన ఓడ గాలికి ఎదురు తిరిగి నిలబడుద్ది, అది మనింట్లో పసిపిల్లని అడిగినా చెబుద్ది. ఓడల పొగ కూడా అటు నుంచి ఇటే కొట్టుకొస్తంది. మరి తూర్పు గాలి ఎక్కడి నుంచి తెచ్చావయ్యా?"

పాక వెనక నవ్వులే నవ్వులు. నాన్న మొహం ఒక్కసారి కనబడింది, ఫోన్ ఆగిపోయింది.

రెండు రోజులు నాన్న ఫోన్ ఎత్తలేదు. అమ్మ మాత్రం గొంతు తగ్గించి, "మీ నాన్న పడవల వైపే వెళ్లట్లేదురా. ఇంట్లో కూర్చుని బాగున్న వలనే విప్పి మళ్లీ అల్లుతున్నాడు" అంది. ఆయనకున్నవి ఆ నలుగురు మనుషులు, వాళ్ల ముందు చెప్పుకునే నా గొప్పలు. రెండూ ఒక్క మాటతో పోగొట్టాను. మూడో రోజు అమ్మ ఫోన్‌కు చేసి, బతిమాలి ఆయన చేతికి ఇప్పించాను.

"నాన్నా, నాది డెక్ మీద పని కాదు. పక్కలు సర్దుతాను. నా గదికి కిటికీ లేదు. ఈ ఐదేళ్లలో నేను గాలి చూసింది లేదు."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు మొదటిసారి సెలవుకొచ్చినప్పటి నుంచి. నువ్వు పరుపు కిందకి బిగించి సర్దిన పక్కలో దుప్పటి లాగలేక మీ అమ్మ దాని మీదే పడుకుంది. నా తువ్వాలు కోతిని చేసి పెట్టావు. డెక్ మీద పనిచేసేవాడికి కోతులతో పనేంట్రా?" అంతటితో ఆగలేదు. "అయినా ఐదేళ్లపాటు తూర్పు గాలి తప్ప వీచని సముద్రం ఎక్కడుందో అడ్రసు చెప్పు, నేనూ వస్తా."

"మరి తెలిసి కూడా రోజూ ఎందుకడిగావు?"

"ఏదో ఒకరోజు చూసి చెబుతావని."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కసిరాడు. "ఏ పనైతే ఏంట్రా, అన్నం పెట్టే పని. సముద్రం మీద ఉండి సముద్రాన్ని చూడలేదే, అదిరా నా బాధ. ఇప్పుడు బాల్కనీ ఉందిగా? లెగు, వేలు తడుపుకో."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం కాగానే బడి మొదలు. తడి వేలికి ఏ పక్క చల్లగా తగిలితే గాలి ఆ పక్క నుంచి అని నేర్పాడు. గాలి తక్కువగా ఉన్నప్పుడు పోటుకూ పాటుకూ ఓడలు ఎలా తిరుగుతాయో, మబ్బు కింద నీళ్లు ఎప్పుడు నల్లబడతాయో చూడమనేవాడు. నేను తప్పు చెబితే, "నీకంటే మన గేదె నయంరా, వానొస్తే గాలికి వీపు తిప్పి నిలబడుద్ది" అని తిట్టేవాడు. ఆ తిట్లు వింటుంటే ఓడలో ఉన్నట్టే అనిపించేది కాదు.

నెల తిరిగాక నేనే, "పడవల దగ్గరికి వెళ్లు నాన్నా, అందరూ ఉండగా చేస్తాను" అన్నాను. ఆయన గొణుక్కుంటూనే వెళ్లాడు. మావయ్య నన్ను చూడగానే, "ఏం అల్లుడూ, ఇవాళా తూర్పేనా?" అన్నాడు.

"ఉండు మావయ్యా" అని బాల్కనీలోకి వెళ్లి తీరిగ్గా చూశాను. "నైరుతి. పొద్దుటి కంటే పెరిగింది. ఓడల ముక్కులు అటే తిరిగాయి. అవతల నీళ్లు నల్లబడ్డాయి. అరగంటలో వాన." తర్వాత, "ఇంకో మాట. నేనిక్కడ పక్కలు సర్దుతాను మావయ్యా. బందరులో నువ్వు విన్నది నిజమే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఫోన్ పెట్టనివ్వలేదు కూడా. వాన చూసేదాకా కదిలేది లేదని కూర్చున్నారు. అరగంట కాకముందే చినుకులు నా ఫోన్ మీద పడ్డాయి. మావయ్య మీసం దువ్వుకుని, "ఈసారి వచ్చినప్పుడు మా మనవరాలికి ఒక కోతిని చేసిపెట్టు అల్లుడూ" అన్నాడు. నాన్న ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడని అమ్మ చెప్పింది.

ఎన్ని నెలలకో మమ్మల్ని దింపారు. పామర్రులో బస్సు మారి ఇంటికి చేరాను. మావయ్య మనవరాలికి కోతి, ఏనుగు, కుందేలు చేసిపెట్టాను. ఓడలు మళ్లీ తిరగడం మొదలయ్యాక పిలుపొచ్చింది, వెళ్లాను. ప్రయాణికులు వచ్చారు, బాల్కనీలు వాళ్లవైపోయాయి. నాకు మళ్లీ అడుగునున్న అగ్గిపెట్టె.

మొదటి రోజు డ్యూటీ దిగి ఫోన్ చేశాను. వెనక మగవాళ్ల మాటలు వినబడుతున్నాయి, నాన్న పడవల దగ్గరే ఉన్నాడు.

"గాలి ఎటుందిరా?"

"తూ..." దాకా వచ్చేసింది నోటికి. నాలుక కరుచుకున్నాను.

"తెలీదు నాన్నా. ఇంకా పైకెళ్లి చూడలేదు."

ఆయన ఫోన్ పక్కకు తీసి, "విన్నారా? తెలీదంట మావాడికి!" అని అరిచాడు. నేను ఇంటర్ పాసైనప్పుడు కూడా ఆయన గొంతులో అంత సంతోషం వినలేదు. "వెళ్లి చూసిరా. నేను లైన్లోనే ఉంటా."

ఫోన్ జేబులో వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. పదకొండు అంతస్తులు. దారి పొడవునా నా జేబులోంచి నాన్న గొంతు వినబడుతూనే ఉంది. "ఎక్కుతున్నాడు... ఉండండెహె, ఎక్కుతున్నాడు."