గోడ దాటని గిటారు

పళ్ల డాక్టరుగారు ప్రతి ఆదివారం గిటారు భుజాన వేసుకుని వాద్యాల దుకాణానికి వచ్చేవారు. గిటారు శబ్దం పెంచే, చేత్తో తయారుచేసిన చిన్న ట్యూబ్ ఆంప్లిఫయర్ల ముందు గొంతుక్కూర్చుని, లోపలి ట్యూబులు ఎర్రబడేదాకా రోగి నోట్లోకి చూసినట్టు తొంగిచూసేవారు. తర్వాత గిటారు దానికి తగిలించి ఒక్క తీగ మీటి, కళ్లు మూసుకుని, "గోడ దాటి వినపడదు కదా?" అని అడిగేవారు. "ఐదు వాట్లేనండీ, మెల్లగా పెడితే పక్కన పడుకున్న పిల్లి కూడా లేవదు," అనేవాడు దుకాణదారు. ఆయన తలూపి, ఇంకోటి చూపించమనేవారు.

ఒక వారం ఆయన భార్య కూడా వెంట వచ్చింది. ఆయన మీటబోతుంటే ఆవిడ వంగి వాల్యూమ్ చివరిదాకా తిప్పేసింది. తీగ మోగేసరికి దుకాణం అద్దాలు అదిరాయి. డాక్టరుగారు గబుక్కున తీగల మీద అరచెయ్యి అదిమేశారు.

"ఏంటే ఇది, అందరూ వింటారు!"

"విననివ్వండి. పెళ్లయి ఇన్నేళ్లయింది, తలుపేసుకుని ఏం వాయిస్తారో నాకే తెలీదు. ఆపారేం? కానివ్వండి."

ఆయన ఒక పాట మొదలుపెట్టారు. మధ్యలో రెండుచోట్ల తప్పారు. ఆవిడ నవ్వలేదు. పాట అయ్యాక దుకాణదారు వైపు తిరిగి, "ఇదే ఇచ్చేయండి. ముందుగదిలో పెట్టుకుంటాం," అంది.