తొమ్మిదో అంతస్తు మొక్కకు పాల టీ

నైరోబీలో మా ఆఫీసు భవనానికి తొమ్మిది అంతస్తులు, నూట నలభై పూలకుండీలు. వాటన్నిటికీ మనిషి ఒక్కతే, క్వాంబొకా. మొక్కలు అద్దెకిచ్చే కంపెనీ పంపిన మనిషి. కొడుకు పేరు కలిపి అందరం ఒసోరో అమ్మ అంటాం. రోజూ కవాంగ్వారే బస్తీ నుంచి నడిచొచ్చి, నీళ్ల డబ్బాతో మెట్లెక్కుతుంది. చేతిలో డబ్బాలు, బకెట్లు ఉన్నవాళ్లు లిఫ్టు ఎక్కకూడదు.

తొమ్మిదో అంతస్తులో మేనేజరు గది ముందు మనిషెత్తు డైఫెన్‌బాకియా మొక్క ఉండేది. పచ్చటి ఆకుల మీద పాలు చిలకరించినట్టు తెలుపు. ఆ తెలుపు తగ్గకూడదని మేనేజరు ఆజ్ఞ. కిటికీ దూరం కాబట్టి ఒసోరో అమ్మ వారానికోసారి కుండీ తిప్పి, ఆకులు తడిగుడ్డతో తుడిచేది. తెల్లభాగం తనకి తిండి వండుకోలేదట, పక్కనున్న పచ్చభాగమే వండిపెట్టాలట. ఈ మాట చెప్పినప్పుడు మేం నవ్వేవాళ్లం, ఆమె నవ్వేది కాదు.

ఒక నెల కింది ఆకులు వరసగా పండి రాలాయి. కంపెనీ సూపర్‌వైజరు ముతీసో వచ్చి, నీళ్లు ఎక్కువ పోసి చంపుతున్నావన్నాడు. శుక్రవారానికి మొక్క తేరుకోకపోతే ఆమె కూడా రానక్కర్లేదన్నాడు. ఒసోరో స్కూలు, ఇంటి అద్దె అన్నీ ఈ ఉద్యోగం మీదే. పన్నెండు రోజులుగా ఆమె దానికి చుక్క నీరు పోయలేదు. వేలు గుచ్చి చూస్తే మట్టి లోపలిదాకా తడి. పులిసిన వాసన, చుట్టూ చిన్న ఈగలు.

మర్నాడు పది గంటల టీ వేళకి ఆమె అక్కడే తుడుస్తూ నిలబడింది. కప్పులు పోగుచేసుకుంటూ వచ్చిన అటియెనో, మిగిలిన పాల టీ అంతా కుండీలో వొంపింది. అటియెనో టీ ఇచ్చే మనిషి. తెగలు వేరైనా మధ్యాహ్నం ఇద్దరూ ఒకే గిన్నెలో గితేరి, అంటే ఉడికిన మొక్కజొన్న, చిక్కుడు గింజలు తింటారు.

"ఎన్నాళ్లుగా పోస్తున్నావే?"

"సింకుకి తాళమేసినప్పట్నించీ. పాలు, పంచదార ఉన్న టీ, బలమే కదా. మీ కిసీ కొండల వాళ్లకి అరటి తప్ప ఇంకో మొక్క తెలుసా?"

"మీ సరస్సు వాళ్లకి చేప తప్ప ఏదీ తెలీదు. వేళ్లు కుళ్లిపోయాయి చూడు."

చూసింది. అటియెనో చేతిలో కప్పులు కింద పెట్టింది. నీళ్లు ఆదా చేయాలని మేనేజరు మూడు నెలల కిందట ఈ అంతస్తులో సింకున్న వంటగదికి తాళం వేయించి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. ఎనభై కప్పుల అడుగు టీ ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పలేదు. తాళం లేని సింకు ఉన్నది కింద, అన్ని అంతస్తుల కింద. తన పేరు చెప్పొద్దని అటియెనో అడగలేదు. అది ఒసోరో అమ్మకి మరింత కష్టమైంది.

శుక్రవారం ముతీసో, మేనేజరు ఇద్దరూ కుండీ దగ్గర నిలబడ్డారు. ఆమె గుడ్డ మడిచి పట్టుకుంది.

"నీళ్లు కాదు సార్, టీ. సింకుకి తాళముంది. ఇంకెక్కడా చోటు లేక ఇందులో పోస్తున్నాం. తాళం తీయించండి, మొక్క బతుకుతుంది."

పోస్తున్నాం అంది. ఎవరని మేనేజరు అడగలేదు. అతని దృష్టిలో పనివాళ్లమంతా ఒకరే. ముతీసో కాసేపు మట్టి వాసన చూసి, నెల గడువిచ్చాడు. ఆమె చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, ఆ కాడ పాలు తగిలితే దురద కాబట్టి, కుళ్లిన అడుగు కోసేసి, పై కొమ్మని నీళ్ల సీసాలో పెట్టి కిటికీ పక్కన ఉంచింది.

సోమవారం తాళంచెవి రాలేదు. మూతున్న బకెట్ ఒకటి వచ్చింది. మిగిలిన టీ అందులో పోసి, మెట్ల మీదుగా కిందికి మోయాలట.

"నువ్వు నోరు తెరిచావు, నాకు బకెట్ వచ్చింది. ఇంకోసారి తెరువు, డ్రమ్ము వస్తుంది," అంది అటియెనో. కోపం ఉంది, నవ్వు కూడా ఉంది.

తాళం తీయమని మేం రాసిన కాగితం మీద ముప్పై ఒక్క సంతకాలున్నాయి. ఇంకా జవాబు లేదు.

కొమ్మకి వేళ్లొచ్చాయి, కొత్త ఆకు విచ్చుకుంది. దాదాపు అంతా పచ్చే. నెల గడువు రోజున ముతీసో తెలుపు ఏదని అడిగాడు.

"ముందు తన తిండి తను వండుకోనివ్వండి సార్," అంది ఒసోరో అమ్మ.

అతను ఆమె మీద ఏమీ రాసుకోకుండా వెళ్లిపోయాడు. రోజూ పదిన్నరకి ఆమె ఎక్కడున్నా తొమ్మిదో అంతస్తుకి ఎక్కుతుంది. బకెట్ పిడి ఒక పక్క అటియెనో, ఇంకో పక్క ఆమె. ఇద్దరూ అలా పట్టుకుని మెట్లు దిగుతారు.