మామ జీపుకు నేను తెచ్చిన స్టీరింగు పెట్టె

మామ జీపు నాదేనని ఇన్ని నెల్లూ ఈ టీ అంగడి కాడ మీకందరికీ చెప్పుకుంటా వచ్చినా గదా. ఆ మాట ఈ పొద్దు వాపసు తీసుకుంటాండా. నవ్వేది తర్వాత నవ్వండి, ముందు వినండప్పా.

మా మామది ఆళ్లగడ్డ. ఆయప్ప కాడ వాళ్ల నాయన కొన్న జీపు ఒకటి ఉండాది, ఎప్పుడో యుద్ధం కాలం నాటి మోడలు. పొలం కాడ షెడ్డులో పడుంటే దాంట్లో కోళ్లు గుడ్లు పెడతాండె. దానికోసం అల్లుళ్లం ఇద్దరం ఎగబడినాం. చిన్నల్లుడు ప్రతాపు దానికి లావు టైర్లు, రంగు లైట్లు ఏసి పెండ్లిండ్లకు బాడుగకు తిప్పల్లంటాడు. నేనేమో అది కంపెనీలోంచి వచ్చిన రోజు ఎట్లుండెనో అట్లనే చేస్తానంటా. మామ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకే మాట చెప్పినాడు.

"కొట్లాడుకోవాకండి. ఉగాది దాకా పెద్దోడు చూడనీ. ఆ లోపల ఎవరు తోలుకోనొచ్చి నా వాకిట్లో నిలబెడితే వాళ్లదే జీపు. ఎవరూ తేకుంటే ప్రతాపు దాన్ని ఏమన్నా చేసుకోనీ."

ఇంజను నాకొక లెక్క కాదు. నంద్యాలలో ఇన్నేండ్లుగా బోరు మోటార్లు రిపేరీ చేస్తాండా, మీకు తెల్వందా. ఆదివారం వస్తే బస్సెక్కి పోయి ఇంజను పలికిచ్చినా, బ్రేకులు పట్టిచ్చినా, పాత రంగే మళ్లీ కొట్టినా. ఆగింది ఒక్క స్టీరింగు కాడ. మనం తిప్పే చక్రానికీ ముందు టైర్లకూ నడుమ ఒక ఇనుప పెట్టె ఉంటాది. అది పగిలి, తుప్పు పట్టి ముద్దైపోయింది.

"లోకల్‌ది దొరుకుతాది గదన్నా, ఏసేయి. బానెట్ కింద ఎవరు చూస్తారు?" అన్నాడు ప్రతాపు.

"నేను చూస్తా. ఒరిజినలే ఏస్తా" అన్నా.

"వీడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అని మామ తువ్వాలు దులుపుకోని పోయినాడు.

పాత పెట్టెను ఊడదీసి మోసుకోని పోదామంటే అది ఊడల్యా. ఫోటో తీద్దామంటే మూలన ఉండాది, చెయ్యి దూరదు. అప్పుడు నా బుర్ర ఎట్ల పని చేసిందో చూడండి. ఫోనును జీపు కింద ఎల్లకిలా పండబెట్టి, సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, పక్కన వంగి చూసినా. పెట్టె మొత్తం స్క్రీన్‌లో కనపడె. టక్కున నొక్కినా. మా ఇంట్లోదాన్ని, సుజాతను, పిలిచి మరీ చూపిచ్చినా, "తెలివంటే ఇదీ" అని.

ఆ ఫోటో పట్టుకోని కర్నూలు పోయినా, అనంతపురం పోయినా. యాడ చూసినా డూప్లికేట్లే. ఆఖరికి బెంగుళూరులో పాత బండ్ల సామాన్లు అమ్మే ఒకాయన కాడ దొరికింది. ఆయన బల్ల మీద రెండు పెట్టెలు పెట్టినాడు. రెండూ ఒరిజినలే, కొంచెం తేడా అంతే.

"మీ బండికి స్టీరింగు ఏ పక్క..." అని ఏందో అడగబోయినాడు.

"ఫోటో ఉండాది గదప్పా, మధ్యలో నీ ప్రశ్నలేంది" అని ఫోటోను పక్కన పెట్టి చూసినా. ఒకటి అచ్చం అట్లనే ఉండాది. ఇంకోసారి చూసుకోమన్నాడు పాపం. నాకు ఆ పని ల్యాదని చెప్పి సంచిలో ఏసుకున్నా.

షెడ్డు కాడ పాతదాన్ని సమ్మెటతో ముక్కలు చేసి తీసినా. కొత్తది పెడతాంటే బోల్టులు మొండికేసినాయి. నాకన్నానా? రంధ్రాలు సాగదీసి బిగిచ్చినా. ముందు టైర్లను జాకీ మీద లేపి, నేను సీట్లో కూర్చోని చక్రం తిప్పినా. సుజాత టైర్ల కాడ నిలబడింది.

"తిరుగుతాండాయా?"

"తిరుగుతాండాయి బావా."

"చాలు, రా, ఎక్కు" అన్నా.

మొన్న ఆదివారం సంగతి ఇది. పొలం దారి నేరుగా ఉండాది, జీపు కొంచెం అటూ ఇటూ ఊగినా కొత్త సామాను గదా, సర్దుకుంటాది అనుకున్నా. మామ ఇంటికి పోవల్లంటే రాతి విగ్రహాలు చెక్కే అంగళ్లు దాటినాక కుడికి తిరగల్ల. కుడికి తిప్పినా. జీపు ఎడమకు పోయింది. చాలల్యా అనుకోని ఇంకొంచెం కుడికి తిప్పినా. ఇంకొంచెం ఎడమకు పోయింది.

"బావా, కుడికి, కుడికి."

"కుడికే తిప్పుతాండానే."

రోడ్డు దిగి, రాతి పొడి లేపుకుంటా, ఒక వినాయకునికీ ఒక నందికీ నడుమ దూరి, నిలువెత్తు ఆంజనేయస్వామి ముందర ఆగినాం. బ్రేకులు నేను చేసినవి కాబట్టి పట్టినాయి, అది మాత్రం చెప్పుకోవల్ల. ఉలి చేతిలో పట్టుకోని శిల్పి తాపీగా లేచినాడు.

"స్వామికి ఇంకా కండ్లు గూడా తెరవల్యా. అప్పుడే దర్శనానికి వచ్చినారా అప్పా?"

ఫోటో ప్రకారమే తెచ్చినా, తప్పు యాడ జరిగింది? సుజాత ఫోను తీసుకోని చూసింది.

"ఈ ఫోటోలో టైరు మీద అక్షరాలు ఉల్టా ఎందుకు ఉండాయి బావా?"

అప్పుడు వెలిగింది నాకు. సెల్ఫీ కెమెరా అద్దం మాదిరే గదా, కుడిని ఎడమ చేసి చూపిచ్చింది. నేను బెంగుళూరు దాకా పోయి, ఎడమ పక్క స్టీరింగుండే అమెరికా జీపు పెట్టెను ఎంచి మరీ తెచ్చినా. అది కుడి పక్క స్టీరింగుండే మన జీపుకు ఏస్తే అన్నీ తిరగబడతాయి.

"నువ్వు టైర్ల కాడే ఉంటివి గదా, చెప్పకూడదా?" అని ఆమె మీద లేచినా.

"తిరుగుతాండాయా అని అడిగితివి, తిరుగుతాండాయి అని చెప్పితి. ఏ పక్కకని అడిగినావా?"

మర్నాడే ఉగాది. జీపు ఈడనే ఆగిపోతే ప్రతాపు లైట్లు తగిలిచ్చేస్తాడు. నాకు ఏడుపొకటే తక్కువ. సుజాత కొంగు దోపుకోనింది.

"పక్కకు జరుగు బావా."

"నువ్వా?"

"పెండ్లి కాకముందు శనగల ట్రాలీని మా వాకిట్లోకి ఎనక్కి తోసేది ఎవరనుకున్నావు? ట్రాలీ ఎనక్కి ఎడమకు పోవల్లంటే ట్రాక్టరు స్టీరింగు కుడికి తిప్పల్ల. ఇది ముందుకు పోతాది, అంతే గదా తేడా."

నిజం చెప్తాండా, వినాయకున్నీ నందినీ తాకకుండా బయటికి తీసింది. శిల్పి ముందర నడుచుకుంటా ఆటోలను పక్కకు జరిపినాడు. మేకలు గూడా మమ్మల్ని దాటిపోతాండాయి, అంత మెల్లగా. నేను పక్క సీట్లో కూర్చోని చెయ్యి బయటికి పెట్టి సైగలిచ్చినా. మగోనికి ఏదో ఒక పని ఉండల్ల గదా.

వీధి మలుపులో బతిమాలినా. "సుజాతా, ఈ కొసన నేను తోల్తా, కొంచెం దిగు."

"వాకిట్లో గోడ ఉండాది బావా" అనింది, అంతే.

మామా ప్రతాపూ గేటు కాడ నిలబడుకోని ఉండారు. జీపు సాఫీగా లోపలికి పోయి నిలబడె. మామ స్టీరింగు కాడ ఎవరుండారో చూసినాడు, నన్ను చూసినాడు.

"మాట మాటే. జీపు నా బిడ్డది."

కడుపు మండింది, అబద్ధమెందుకు. కానీ అది కంపెనీలోంచి వచ్చినట్ల మెరుస్తా ఆ వాకిట్లో నిలబడితే సంతోషం గూడా అయింది. బెంగుళూరుకు ఫోను చేస్తే రెండో పెట్టె ఇంకా ఉండాదన్నాడు. తెచ్చి ఏస్తానంటే సుజాత ఒప్పుకోల్యా. "మారిస్తే మీరిద్దరూ మళ్లీ కొట్లాడుకుంటారు. పొలం దారిలో తిప్పుకునేదానికి ఇదే మేలు" అనింది.

తాళం చెవి గూడా జీపుకే పెట్టి నంద్యాలకు వచ్చేసింది. "ఎవడన్నా ఎత్తుకపోతే ఏం చేస్తావే?" అని అడిగినా.

"చేసినోడివి నువ్వే తోలలేకపోతివి, దొంగ యాడ తోల్తాడు బావా?"