గేదెలు తొక్కిన నల్ల పట్టా

మా చెల్లెలు రమణమ్మకు పసుపు కుంకుమ కింద నాన్న కొనిచ్చిన ఎకరం మడిని ఆనుకుని మురుగు కాలువ ఉండేది. పై పొలాల నీరంతా అందులోంచే పోయేది. గట్టులోంచి ఊరే నీళ్లు ఏటా ఆమె వరిని కుళ్లబెట్టేవి. "ఏడాదిలో ఆ ఊట ఆపించేస్తాను" అని పెళ్లిపందిట్లో అందరి ముందూ మాట ఇచ్చాడు ఆమె భర్త, మా బావ గవరయ్య. ఆరేళ్లయినా తట్టెడు మట్టి వేయించలేదు.

చివరికి 1960ల ఆఖర్లో ఒక ఇంజనీరు ప్రయోగంగా ఆ కాలువకు ప్లాస్టిక్ పట్టా పరిపించి, పైన మట్టి కప్పే పని బావకు అప్పజెప్పాడు. ఇప్పుడు జియోమెంబ్రేన్ అంటున్నది అప్పట్లో మాకు నల్ల పట్టా. దాని గురించి దొరికిందల్లా చదివి బావకు ఉత్తరం రాశాను: పట్టా మీద అడుగు మందాన మెత్తటి మట్టి పరిచి చెక్క దిమ్మిసతో కొట్టండి, పశువులను మాత్రం దించవద్దు. నీళ్లు వదిలే రోజున విజయనగరంలో ఉదయం ఆరింటి బస్సెక్కి, శ్రీకాకుళంలో మారి, పదింటికి నరసన్నపేటలో దిగాను. టిక్కెట్లకు మూడు రూపాయల లోపే అయింది. ఊరికి ఇంకో నాలుగు మైళ్లు, జట్కాకు రూపాయి.

"నల్లపట్టా కాలవకేటి బాబూ?" అన్నాడు జట్కావాడు. "మొన్న సూడాల! ఎనిమిది గేదెల్ని దించీసి తొక్కించినారు."

"పట్టా మీదా?" అన్నాను.

"మట్టేసినాకే లెండి. సెరువు గట్టు అలాగే కదా గట్టిపడతాది!"

పన్నెండింటికి, పనికోసం ఎగువన వేసిన అడ్డుకట్ట తీసి నీళ్లు వదిలారు. గంటలో గట్టు చెమర్చింది. ఇంకో గంటకు చెల్లెలు కొత్తగా నారు పోసిన మడిలో నీళ్లు నిలిచాయి. కాలువలో దిగి గట్టు వారన మట్టి తోడాను. చేతికందిన పట్టా నిండా చిల్లులే, ఒక్కొక్కటి గిట్టంత.

"పశువులను దించొద్దని రాశాను కదా, బావా!"

"రాసినావు. సదివినాను. మా తాతలకాడ్నించీ గేదెలే తొక్కుతన్నాయి. పుస్తకాలోడివి, నువ్వెప్పుడు మడిలో దిగినావేటి?"

మడిలో నారు దగ్గర వంగి ఉన్న రమణమ్మ తలెత్తింది. "ఆ ముక్క నాకు సెప్పనేదేటి? ఆ గేదెల్ని తోలింది నేనే గదా!"

బావ గట్టు దిగి ఇంటికేసి నడిచాడు.

ఆ నారు కుళ్లింది. నాలుగేళ్లకు మడి అమ్మేశారు. "నా సేత్తోనే తోలినాను" అని పోయేదాకా తనను తానే తిట్టుకుంది నా చెల్లెలు. కాలువకు పట్టా పరిచే చోటు చూడబోయేవారికి ఒకటే చెబుతాను: మట్టి కప్పకముందే వెళ్లండి, చెప్పాల్సింది పనిలో దిగే మనిషికే చెప్పండి. రమణమ్మకు చదువొచ్చు. అయినా ఇంటి యజమాని పేరునే ఉత్తరం రాశాను, అదే నా తెలివి. ఆమె తప్పేమీ లేదు, గేదెలదీ లేదు. నేను ఈనాటికీ తప్పుపట్టేది, ఆ వాక్యం చదివి మింగేసిన మా బావ గవరయ్యను.