మూడో సీటు మీద దస్తీ

ఇంటర్ రెండో సంవత్సరంలో ఆత్మకూరు నుంచి వనపర్తి దాకా నాకు రోజూ కిటికీ పక్క సీటు ఉండేది. నేను మాత్రం నిలబడే వెళ్లేదాన్ని.

సీటు పెట్టేది ఒకడు. పేరు తెలియదు, పాతికేళ్లుంటాయి. బస్సు బస్టాండులోకి తిరుగుతుండగానే కిటికీలోంచి చేతిరుమాలు, మా మాటలో దస్తీ, మూడో సీటు మీద వేసేవాడు. మొదటి రోజు నా పక్కకొచ్చి, "నీకే పెట్టిన, కూసో" అన్నాడు. నేను కూర్చోలేదు. మర్నాడూ పెట్టాడు. పగలంతా కాలేజీ గేటు ఎదురుగా నిలబడి, సాయంత్రం మళ్లీ నా బస్సే ఎక్కేవాడు. అంత క్రమశిక్షణ నాకుంటే జిల్లా ఫస్టు వచ్చేదాన్ని.

ఇంట్లో చెప్పలేదు. చెబితే వాడి కాళ్లు విరుగుతాయో లేదో గానీ నా కాలేజీ మాత్రం ఆగిపోతుంది. మా గల్లీలో అంతకుముందే ఒకమ్మాయికి అలాగే ఆగింది.

మా బస్సుల్లో దస్తీకి ఉన్న మర్యాద మనిషికి లేదు. అది పడ్డ సీట్లో ఎవరూ కూర్చోరు. అందులోనూ పత్తి ఏరబోయే ఆడవాళ్లు పదిమంది ఆ బస్సుకే వచ్చేవారు. ఎవరైనా కూర్చోబోతే, అది ఈ పిల్లదని లేపేసేవారు. కూర్చుంటే నాకు వాంతులవుతాయని చెప్పి తప్పించుకునేదాన్ని.

ఒకరోజు వాళ్లలో పెద్దామె నాకు బుద్ధి చెప్పింది. "మీ బావ రోజు సీటు పెడ్తుండు. నువ్వేమో మొఖం గూడ సూడవు. గంత పొగరెందుకు బిడ్డా?"

సీటు పెట్టేవాడు చుట్టం కాక ఇంకెవరవుతాడని వాళ్ల నమ్మకం. వాడూ కాదనలేదు. ఆదివారం పరీక్ష రాయడానికి ఒక్కదాన్నే నాగర్‌కర్నూలు పోతానని అంతకుముందు రోజే నేను ఆమెతో అన్నాను. ఆమె ఆ మాట వాడికి చెప్పి, నాకు తోడుపొమ్మని పురమాయించిందట కూడా.

చాలా భయం వేసింది. నోరు తెరిస్తే ఊరంతా తెలుస్తుంది, తెరవకపోతే ఆదివారం వస్తుంది.

"వాడు నాకేం కాడు పెద్దమ్మా. పేరు గూడ తెల్వదు." బస్సులో అందరికీ వినబడేలా అన్నాను.

ఆమె వెళ్లి ఆ దస్తీ మీదే కూర్చుంది. వెనక్కి తిరిగి, ఏ ఊరు, ఎవరి కొడుకువని వాడిని అడగడం మొదలుపెట్టింది. మిగతా తొమ్మిదిమందీ అందుకున్నారు. వాడు తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు. దస్తీ అడగలేదు.

నేను భయపడ్డట్టే కబురు నాకంటే ముందు ఇల్లు చేరింది. రేపటినుంచి కాలేజీ లేదన్నాడు నాన్న. నేను ఏడ్చాను, ఆయన వినలేదు.

సంగతి తెలిసి పొద్దున్నే పెద్దామె సద్దిమూటతో మా గుమ్మం ముందుకొచ్చింది. తప్పు పిల్లది కాదని, వాడికి ఆదివారం సంగతి చెప్పింది తానేనని నాన్న ముందు ఒప్పుకుంది. ఆదివారం పని మాని తానే తోడొస్తానంది.

"పిల్లను తోలు తమ్మీ. బస్సు పోతది."

నాన్న చెప్పులు తొడుక్కుని మాతోపాటు బస్టాండుకు నడిచాడు. బస్సు లోపలికి తిరుగుతుండగా, భుజం మీది తువ్వాల తీసి కిటికీలోంచి మూడో సీటు మీద వేశాడు.

ఆ రోజు వనపర్తి దాకా కూర్చునే వెళ్లాను. వాంతులేమీ కాలేదు.