హనుమయ్య కారుని ఎక్కడికని అడగకూడదు

మా తాత హనుమయ్య కోపం సంగతి తెనాలిలో తెలియని వాళ్ళు లేరు. అందులో సగం పాకలో ఉన్న పాత కారు మీద, మిగతా సగం దాన్ని పాతది అన్నవాళ్ళ మీద. తెల్లదొరల కాలంనాటి ఆ బండిని ఏ మెకానిక్కునీ ముట్టుకోనివ్వడు. తనే విప్పుతాడు, తనే బిగిస్తాడు. బుష్షులు అరిగితే బాపట్ల వెళ్ళి లేతు మిషను మీద చేయించుకొస్తాడు. అరవై ఎనిమిది వేసవిలో గేరుబాక్సు విప్పి బిగించాక ఒక పళ్ళచక్రం మిగిలిపోయింది.

"ఇదేంటండీ?" అంది మా నాయనమ్మ మాణిక్యాంబ.

"ఎక్స్‌ట్రా! నీకెందుకు?" అని కసిరాడు.

ఆ రోజు నుంచీ కారు ముందుకే తప్ప వెనక్కి పోలేదు.

రేపల్లెలో నాయనమ్మ తమ్ముడు పూర్ణచంద్రరావు ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి పిలవడానికొచ్చి, "బస్సులో రండి బావా. దీన్ని నమ్ముకుంటే నా మనవడి పెళ్ళికి దిగుతారు" అన్నాడు.

తాత మొహం జేవురించింది. "ముహూర్తం వేళకి ఈ కారులోనే దిగుతా. దిగకపోతే పాత ఇనుము కొట్టుకి తోలేస్తా!"

"ఆ మాట మీద నిలబడండి" అంది నాయనమ్మ వెంటనే. ఆయన పంచెలకి గ్రీజు మరకలు ఉతికి ఉతికి ఆవిడ చేతులు పడిపోయాయి మరి.

గృహప్రవేశం రోజు ఉదయం తాత హ్యాండిలు తిప్పాడు. తిట్టాడు. ప్లగ్గులు పీకి ఉత్తరీయంతో తుడిచి, కారు పుట్టుకనే శంకిస్తూ మళ్ళీ తిప్పాడు. చివరికి అది దగ్గి, తుమ్మి, అందుకుంది. నాయనమ్మ పట్టుచీర సర్దుకుని ఎక్కింది. కారు గేటు దాటింది.

ఎదురింటి అంకారావు పళ్ళు తోముకుంటూ, "ఎక్కడికి బాబాయ్, పొద్దున్నే?" అన్నాడు.

తాత బ్రేకు తొక్కాడు. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడిగితే వెనక్కి ఇంట్లోకెళ్ళి, కూర్చుని, మంచినీళ్ళు తాగి కదలాల్సిందే. దేవుడికైనా భయపడడు గానీ ఆ మాటకి హడలు. ఇంజను ఆపితే చల్లారేదాకా మళ్ళీ అందుకోదు. ముహూర్తమూ పోతుంది, కారూ పోతుంది. ఆపకుండా వెనక్కి పోదామంటే, ఆ ఎక్స్‌ట్రా చక్రం పాకలో మేకుకి వేలాడుతోంది!

"నీ నోరు పడిపోనూ! నీకింకో ప్రశ్నే దొరకలేదంట్రా?"

"నేనేమన్నాను బాబాయ్?"

"మళ్ళీ అనకు! వచ్చి ముందునుంచి వెనక్కి తొయ్యి!"

అంకారావు వేపపుల్ల నోట్లో ఉండగానే కారుకి భుజమిచ్చాడు. ఇంజను గర్జిస్తుంటే, తాత అంతకంటే గట్టిగా గర్జిస్తుంటే, కారు మెల్లగా గేట్లోకొచ్చింది.

"దిగి నీళ్ళు తాగండి" అంది నాయనమ్మ.

"యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఆగి చస్తుందే!"

నాయనమ్మ దిగింది. ఆవిడ ఊరికే నిలబడితే చాలు, సాయంత్రానికి పాక ఖాళీ. కానీ ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఎర్రగా ఉరిమే ఆ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. లోపలికెళ్ళి చెంబు తెచ్చి కిటికీలోంచి అందించింది.

"తాగండి. కారు ఇంట్లో ఉంది, మీరు కారులో కూర్చున్నారు. ఇంట్లో కూర్చున్నట్టే!"

ముహూర్తానికి ముందే రేపల్లెలో దిగారు. పూర్ణచంద్రరావు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. భోజనాలయ్యాక తాత మళ్ళీ హ్యాండిలుతో కుస్తీపట్టి ఇంజను లేపాడు. కారు కదలబోతుంటే బావమరిది కిటికీ దగ్గరికొచ్చి, కొంటెగా నవ్వుతూ నోరు తెరిచాడు.

"ఎక్క..."

నాయనమ్మ ఒళ్ళోని పొట్లంలోంచి బూరె తీసి ఆ నోట్లో కుక్కింది.

"పోనివ్వండి!" అని అరిచింది తాత మీద.