పెన్ను పట్టని కార్డు

2022లో నేను మల్కాపురం వైపు ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. రిఫైనరీలో, పోర్టులో కాంట్రాక్టు పనులు చేసుకునే కుటుంబాలే మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి. సోమవారం గర్భిణుల రోజు. తొమ్మిదికల్లా వరండా నిండిపోయేది.

ఆ ఏడాది మా శాఖకు కొత్త లోగో వచ్చింది. ముందు బోర్డు మారింది. తర్వాత తలుపుల మీది స్టిక్కర్లు, మందుల కవర్లు, మా ఏప్రన్ల మీది బ్యాడ్జీలు. బీపీ మిషన్లో చేతికి చుట్టే పట్టీ చిరిగిపోతే ప్లాస్టరు వేసి వాడుతున్న రోజులవి. కొత్తది కావాలని మూడుసార్లు రాశాం. నిధులు లేవని మూడుసార్లూ జవాబొచ్చింది. మూడో జవాబు కొత్త లోగో రంగుల్లో అచ్చేసిన లెటర్‌హెడ్ మీద వచ్చింది. మా డాక్టరుగారు అది చదివి ఫైల్లో పెట్టేశారు.

ఆఖర్న ఏఎన్‌సీ కార్డులు వచ్చాయి. గర్భిణికి నెలనెలా చేసే పరీక్షల వివరాలన్నీ రాసే కార్డు అది. ఏ ఆస్పత్రికి వెళ్లినా వెంట ఉండాలి. పాత కార్డు ముతక అట్ట. మొదటి పేజీలోనే, పేరు కింద బ్లడ్ గ్రూపు గడి ఉండేది. కొత్తదాని మొదటి పేజీ నిండా లోగో, ఒక నినాదం, నవ్వుతున్న తల్లీబిడ్డల ఫొటో. బ్లడ్ గ్రూపు గడి వెనక పేజీ అడుక్కి పోయింది. కాగితం నున్నగా మెరిసిపోతోంది. శుభలేఖలా ఉందని అందరం మురిసిపోయాం. అందులో నేనూ ఉన్నాను.

తనిఖీకి వస్తున్నారు, పాత లోగో ఎక్కడా కనపడకూడదు, వారంలోగా పాత కార్డులు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వండని ఆర్డరు. ఒకపక్క సూదులు వేస్తూ, బరువులు చూస్తూ, ఇంకోపక్క కార్డులు ఎత్తిరాయడం. ఆ కాగితం మీద బాల్‌పెన్ను జారిపోయేది. రెండుసార్లు దిద్దితే సిరా అంటినట్టే ఉండి, వేలు తగిలితే చెరిగిపోయేది.

ఆ వరసలోనే నూకరత్నం కార్డు వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల, తొలిచూలు. భర్త అప్పలరాజు పోర్టులో బొగ్గు పనికి వెళ్లేవాడు. ఆమె రక్తం బీ నెగటివ్. తల్లి రక్తం నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన డెబ్బై రెండు గంటల్లోపు తల్లికి యాంటీ-డి అనే ఇంజెక్షన్ పడాలి. లేకపోతే ఈ బిడ్డకేమీ కాదు గానీ, తర్వాత కడుపులో పడే బిడ్డకు ప్రాణాపాయం రావచ్చు. అందుకే పాత కార్డు మీద నేనే ఎర్రసిరాతో రాసి చుట్టూ గీత గీశాను. కొత్తదాని మీద బాల్‌పెన్నుతో రాశాను. అది సరిగా పట్టలేదని నాకు తెలుసు. మార్కర్ తెచ్చి మళ్లీ రాద్దామనుకున్నాను. ఈలోగా ఎవరికో కళ్లు తిరిగాయని పిలిచారు. వచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది. పాత కార్డు కట్టలో చేరి ఆఫీసుకి వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత, అనుకున్న రోజు కంటే ముందే, ఒక ఆదివారం ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. పెద్దాసుపత్రికి బయల్దేరితే దారిలో లారీలు ఆగిపోయి ఆటో కదల్లేదు. పక్కనే ఉన్న చిన్న నర్సింగ్ హోముకి తీసుకెళ్లారు. సాయంత్రం నాలుగింటికి మామూలు కాన్పు, ఆడపిల్ల. మంగళవారం ఇంటికి పంపేశారు.

బుధవారం పదింటికి బాలింతను చూడ్డానికి వాళ్లింటికి వెళ్లాను. తల్లీబిడ్డా బాగున్నారు. యాంటీ-డి వేశారా అని అడిగాను. అప్పలరాజు ఏ సూదీ వెయ్యలేదన్నాడు. గ్రూపు ఏమిటని వాళ్లు అడగలేదా అన్నాను.

"అడిగినారు మేడమ్," అంది నూకరత్నం. "నాకేటి తెలుసు? కార్డులో రాసుంటాది, సూసుకోండని సెప్పినాను."

కార్డు తీసి చూశాను. వెనక పేజీ గడి ఖాళీ. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వాలుగా పట్టుకుంటే పెన్ను నొక్కిన గాడి కనిపించింది. బీ, పక్కన చిన్న అడ్డగీత. సిరా చుక్క లేదు. ఆదివారం ఆ నర్సింగ్ హోము ల్యాబ్ మూసి ఉందట, రక్తం ఎక్కించే అవసరం రాలేదు, ఇంక ఎవరూ పట్టించుకోలేదు.

లెక్కేసుకుంటే ఆరు గంటలే మిగిలాయి. డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరుతో మాట్లాడి, ఇంజెక్షన్ ఉందని రూఢి చేసుకుని, వెంటనే బయల్దేరమన్నారు. ఆటోలో పసిదాన్ని నేనే ఎత్తుకున్నాను. దారిలో అప్పలరాజు ఒక్కసారే అడిగాడు.

"మేడమ్, తప్పు మాదేనా? మేమేటైనా పోగొట్టేసినామా?"

"మీరేం పోగొట్టలేదు నాయనా. రాసింది నేను," అన్నాను.

బిడ్డ రక్తం పరీక్ష చేశారు. పాజిటివ్. రెండున్నరకి నూకరత్నానికి ఇంజెక్షన్ పడింది. అది చూశాకే నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను.

మర్నాడు, అప్పటిదాకా ఇచ్చిన కొత్త కార్డులన్నీ తిరిగి తెప్పించుకుని, రిజిస్టరు చూసి, నా డబ్బులతో కొన్న మార్కర్‌తో బ్లడ్ గ్రూపులు రాశాను, మొదటి పేజీ లోగో మీదే. పెద్ద అక్షరాలు పట్టే చోటు అక్కడే ఉంది మరి. నెల మీటింగులో డాక్టరుగారు ఈ సంగతి చెబితే, పైనుంచి వచ్చిన అధికారి ఆ డిజైను కోసం పెద్ద కన్సల్టెంట్‌ని పెట్టారని, అన్నిచోట్లా మెచ్చుకున్నారని అన్నారు. నేను లేచి ఒక ఖాళీ కార్డూ, నా పెన్నూ ఆయన ముందు పెట్టాను.

"సార్, మీ పేరు రాయండి."

రాశారు. మొదటి అక్షరం పడలేదు. దిద్దారు. తర్వాత ఏమనుకున్నారో, బొటనవేలితో ఒకసారి రుద్ది చూశారు. వేలు రుమాలుతో తుడుచుకుని కార్డు ఫైల్లో పెట్టుకున్నారు. మరుసటి ఏడు లోగో మళ్లీ మారింది, కార్డులూ మారాయి. ఈసారి కాగితం సిరా పట్టింది. మా మాట విన్నారో, ప్రెస్సు మారిందో నాకు తెలియదు. గడి మాత్రం వెనక పేజీలోనే ఉంది.

అప్పటినుంచి నేను ఒక పని చేస్తున్నాను. కార్డు ఇచ్చేముందు ప్రతి గర్భిణి చేతా తన బ్లడ్ గ్రూపు మూడుసార్లు చెప్పిస్తాను. మళ్లీ వచ్చినప్పుడు అడుగుతాను. చెప్పలేకపోతే చెప్పేదాకా కదలనివ్వను. నర్సు రాసిందంటే పని అయిపోయిందని ఇరవయ్యేళ్లు అనుకున్నాను. మనిషికి తెలిసినప్పుడే అయినట్టని ఆ ఆరు గంటల్లో నేర్చుకున్నాను.

మొన్నామధ్య నూకరత్నం రెండో కడుపుతో వచ్చింది. పక్కన కూర్చున్న కొత్త గర్భిణి ఈమె కార్డు మీది బొమ్మ చూసి ముచ్చటపడుతుంటే, నూకరత్నం అంటోంది:

"బొమ్మకేటిలే, ఏడాదికోటి మారస్తారు. నీ రగతం ఏటో ముందు నోటికి నేర్సుకో. నాది బీ నెగటివ్. నీదేటి?"